మొదటి రోజే తీయాల్సిన కౌంటు

తిరుపతిలో హెచ్ఐవీ మందులు వాడేవాళ్ళు ఇద్దరు కలిస్తే ముందు కౌంటు గురించే అడుగుతారు. "కౌంటు ఎంతొచ్చిందన్నా?" "ఐదు వందల ఇరవై. నీకెంత?" ఒళ్ళు ఎలా ఉంది, పిల్లలు ఎలా ఉన్నారు అన్నవి ఆ తర్వాత. ఆ కౌంటు సీడీ4 కౌంటు. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. చాలా ఏళ్ళు ఆ కౌంటు తీసే మిషన్ దగ్గరే పనిచేశాను. కాగితం మీద ఆ అంకె చూసి ముఖం వెలిగిపోయినవాళ్ళనీ, అక్కడే బెంచీ మీద కూలబడినవాళ్ళనీ చూశాను.

ఇన్నేళ్ళ తర్వాత నాకు బలంగా అనిపిస్తున్నది ఒకటే. ఈ పరీక్ష ప్రాణం మీదకు వచ్చేంత అవసరమైన రోజున మనం దాన్ని వాయిదా వేస్తున్నాం. పెద్దగా పని లేని రోజుల్లో మాత్రం దాని కోసం నిద్ర పాడు చేసుకుంటున్నాం. పాజిటివ్ అని తేలిన రోజున, మందులు మానేసి మళ్ళీ వచ్చిన రోజున ఆ కౌంటు తెలిసి తీరాలి. వైరస్ అదుపులో ఉండి, మాత్రలు క్రమంగా వేసుకుంటున్న మనిషి ఆరు నెలలకోసారి దాని గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు ఆ అంకె ఏమిటో చెప్పాలి. రక్తంలోని తెల్లకణాల్లో టీ కణాలని ఒక రకం. వాటిలో కొన్ని మిగతా రక్షణ కణాలకు పని పురమాయిస్తాయి. ఈ పురమాయించే కణాల పైపొర మీద సీడీ4 అనే ప్రోటీన్ ఉంటుంది. హెచ్ఐవీ సరిగ్గా ఆ ప్రోటీన్‌నే పట్టుకుని లోపలికి దూరుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఒక మైక్రోలీటరు రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. మందు లేకుండా వదిలేస్తే సగటున ఏడాదికి 50 నుంచి 100 వరకు తగ్గుతూ పోతాయి. 200 కిందికి పడితే ముదిరిన దశ. ఒంట్లో ఎప్పటి నుంచో ఊరికే పడి ఉన్న క్రిములు కూడా అప్పుడు లేస్తాయి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ జబ్బులో వైరస్ కంటే ముందు బయటపడింది ఈ కణాల లోటే. 1981లో లాస్ ఏంజెలెస్‌లో కొందరు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చినప్పుడు, వాళ్ళ రక్తంలో సహాయక టీ కణాలు దాదాపు లేకుండా పోయాయని డాక్టర్లు గమనించారు. వైరస్ దొరికింది 1983లో. కణాలను రకాలుగా విడదీసి లెక్కపెట్టడం అప్పటికే సాధ్యమైందంటే, 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఒకే గుర్తును పట్టుకుని అంటుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేసే పద్ధతి కనిపెట్టి ఉండటం వల్లే. మన వైపు చూస్తే, 1986లో దేశంలో మొదటిసారి హెచ్ఐవీ బయటపడిన మద్రాసు రక్త నమూనాలను పరీక్షించింది వెల్లూరు సీఎంసీలో. చిత్తూరు నుంచి బస్సెక్కితే గంట ప్రయాణం. ఇది ఎక్కడో దూరదేశపు కథ అనుకునే మన జిల్లావాళ్ళకు నేను ఆ మాట గుర్తుచేస్తుంటాను.

ఇక కౌంటు తీసే పని. ఊదా మూత ట్యూబులో రక్తం తీస్తారు. గడ్డకట్టకుండా అందులో ఈడీటీఏ ఉంటుంది. ఆ ట్యూబును ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండకు వదలకూడదు. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద బస్సులో ట్యూబు పట్టుకుని వచ్చే మనిషికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. నేను వాడిన మిషన్‌కు 50 మైక్రోలీటర్ల రక్తం, అంటే ఒక చిన్న చుక్క చాలు. ఆ చుక్కను యాంటీబాడీలున్న రియేజెంట్‌లో కలిపి గంటసేపు చీకట్లో ఉంచుతాం. రంగు అంటించిన యాంటీబాడీలు సీడీ4 ఉన్న కణాలను పట్టుకుంటాయి. తర్వాత మిషన్‌లో ఒక్కో కణం లేజర్ కాంతి ముందు నుంచి పోతుంది, మెరిసినవాటిని లెక్కపెడుతుంది. ఎన్ని వేశామో ముందే తెలిసిన సన్న పూసలు కూడా అందులో ఉంటాయి. పూసలతో పోల్చి కణాల లెక్క కడుతుంది. కాబట్టి ఆ 50 మైక్రోలీటర్లు తీసే పైపెట్‌లో చిన్న బుడగ వచ్చినా, చుక్క గోడకు అంటుకున్నా లెక్క మారిపోతుంది. మిషన్ ఎంత మంచిదైనా చేసే చెయ్యి నెమ్మదిగా, శుభ్రంగా పనిచేయాలి.

లెక్క సరిగ్గా చేసినా అంకె నిలకడగా ఉండదు. అదే మనిషికి ఉదయం తక్కువ ఉంటుంది, సాయంత్రం ఎక్కువ. జ్వరమొస్తే తగ్గుతుంది. గర్భంతో ఉంటే ఒంట్లో రక్తం పలచబడి తగ్గినట్టు కనిపిస్తుంది. స్టెరాయిడ్లు వాడినా మారుతుంది. రెండు రిపోర్టుల మధ్య 30 శాతం దాకా తేడా వచ్చినా దాన్ని నిజమైన మార్పుగా తీసుకోనక్కర్లేదని మాకు నేర్పారు. అంటే 640 నుంచి 500కు దిగితే ఏమీ కాలేదనే అర్థం. ఐదేళ్ళలోపు పిల్లల్లో మామూలుగానే ఈ కణాలు చాలా ఎక్కువ, వయసుతో పాటు తగ్గుతాయి. అందుకే వాళ్ళకు అంకె బదులు శాతం చూస్తారు.

ఇదంతా రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు. "కౌంటు దిగిపోయింది మేడమ్, మాత్రలు పని చేయడం లేదేమో" అని ఒకాయన నా కిటికీ దగ్గర నిలబడి ఏడ్చారు. ఆయనకు వారం ముందు విషజ్వరం వచ్చి పోయింది. అంతే.

ఈ ఎగుడుదిగుళ్ళను సొమ్ము చేసుకునేవాళ్ళు వేరే ఉన్నారు. పొడి ఇస్తామంటారు, లేహ్యం ఇస్తామంటారు, మూడు నెలల్లో కౌంటు పెంచి చూపిస్తామంటారు. జ్వరం తగ్గాక తీయిస్తే కౌంటు ఎటూ పెరుగుతుంది. "చూశారా, 380 నుంచి 490 అయింది" అని అదే కాగితం ఇంకొకరికి చూపిస్తారు. మాత్రలు మానేసి ఆ పొడి తిన్న మనిషి ఒకటి రెండేళ్ళకు ఏ స్థితిలో తిరిగి వస్తాడో నేను చూశాను. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాత్రను వదిలి, అప్పు చేసి పొడి కొనుక్కున్న కుటుంబాల మీద నాకు కోపం రాదు. అమ్మినవాళ్ళ మీద వస్తుంది, ఇప్పటికీ.

మరి జనానికి కౌంటు మీద ఇంత పట్టింపు ఎక్కడి నుంచి వచ్చింది? మనమే నేర్పాం. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ప్రభుత్వం ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులు, ఉచితంగా ఇవ్వడం మొదలైంది. అప్పట్లో మందు దొరకాలంటే జబ్బు లక్షణాలు ముదిరి ఉండాలి, లేదా కౌంటు 200 కిందికి పడి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ గీతను 2010లో 350కి, 2013లో 500కి పెంచింది. 2015లో గీతే తీసేసి పాజిటివ్ అయిన ప్రతి ఒక్కరికీ మందు ఇవ్వమంది. మన దేశంలో అది 2017లో అమలులోకి వచ్చింది.

గీత ఉన్న కాలంలో బతకడం ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. నగరి వైపు మరమగ్గాల మీద పనిచేసే ఒకామె ఉండేది. ప్రతిసారీ కౌంటు 400 పైనే వచ్చేది. "ఇంకా టైముందమ్మా, ఆరు నెలలాగి రా" అని పంపేవాళ్ళు. భర్త అప్పటికే పోయాడు. ఆమె నన్ను అడిగేది: "ఎప్పుడు తగ్గుతాది మేడమ్, నాకు మందు ఎప్పుడిస్తారు?" జబ్బు ముదిరితేనే మందు అనే నియమం ఒక మనిషి చేత తన జబ్బు ముదరాలని కోరుకునేలా చేసింది. మందుల కొరత ఉన్న రోజుల్లో ముందు ఎవరికివ్వాలన్న ప్రశ్నకు ఎవరో ఒకరు ఏదో ఒక జవాబు వెతకాలి, నేను కాదనను. కానీ శరీరానికి ఆ గీత తెలియదు. 2015లో వచ్చిన స్టార్ట్ అనే అధ్యయనం ఆ సంగతి తేల్చేసింది. 35 దేశాల్లో 4,685 మంది, అందరికీ కౌంటు 500 పైనే. సగం మందికి వెంటనే మందులిచ్చారు, మిగతా సగానికి 350కి పడేదాకా ఆగారు. వెంటనే మొదలుపెట్టినవాళ్ళలో తీవ్రమైన జబ్బులు, మరణాలు 57 శాతం తక్కువ.

దానికంటే ముందే, 2006లో, స్మార్ట్ అనే ఇంకో పెద్ద అధ్యయనాన్ని మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. కౌంటు 350 దాటితే మందులు ఆపడం, 250 కిందికి పడితే మళ్ళీ మొదలుపెట్టడం అన్న పద్ధతిని అందులో పరీక్షించారు. అలా ఆపి మొదలుపెట్టినవాళ్ళలో జబ్బులూ చావులూ రెండింతలు దాటాయి. ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, "మేడమ్, ఇప్పుడు ఎనిమిది వందలు ఉంది కదా, మాత్రలు ఆపేస్తే ఏం?" అని అడిగేవాళ్ళు నేటికీ ఉన్నారు. ఆ ఎనిమిది వందలు మాత్రల వల్ల వచ్చినవే. ఆపితే పోతాయి.

పెళ్ళి మాటలప్పుడు ఇంకో పొరపాటు నమ్మకం వినిపిస్తుంది. కౌంటు బాగుంటే అవతలివాళ్ళకు అంటదని. కౌంటుకూ అంటడానికీ అలాంటి లెక్క లేదు. 800 కౌంటు ఉండి మందు వాడని మనిషి నుంచి అంటుతుంది. 180 కౌంటు ఉన్నా, మందులు వాడుతూ వైరస్ కనిపించని స్థాయిలో నిలకడగా ఉన్న మనిషి నుంచి లైంగికంగా అంటదు. అంటుతుందో లేదో చెప్పేది రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ పరీక్ష. మందులు త్వరగా మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో చూపించిన పెద్ద అధ్యయనంలో మన చెన్నై, పుణె కేంద్రాల జంటలు కూడా ఉన్నారు.

ఈ రెండు పరీక్షల తేడా చెప్పడానికి పరిశోధకులు వాడే రైలు పోలిక నాకు నచ్చింది. లోయ వైపు పోతున్న రైలు ఎంత వేగంగా పోతోందో వైరల్ లోడ్ చెబుతుంది, లోయ ఇంకెంత దూరంలో ఉందో సీడీ4 చెబుతుంది. మందులు రైలును ఆపేశాక దూరం మళ్ళీ మళ్ళీ కొలవడంలో అర్థం లేదు. రైలు ఆగిందా లేదా అన్నదే చూడాలి. 2018 నుంచి మన దేశంలో వైరల్ లోడ్ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో అందరికీ క్రమంగా చేస్తున్నారు. వైరస్ అదుపులో ఉండి, కౌంటు 350 దాటి నిలబడ్డవాళ్ళకు ఇక సీడీ4 పరీక్షలు ఆపేయొచ్చని మార్గదర్శకాలూ చెబుతున్నాయి. నేను సంతోషంగా ఒప్పుకుంటాను. మందు బాగా పనిచేస్తున్నా కొందరిలో కౌంటు 250, 300 దగ్గరే ఆగిపోతుంది. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళలో ఇది ఎక్కువ. వాళ్ళ మీద డాక్టరు కన్నేసి ఉంచాలి. అంతేగాని, మాత్రలు సరిగా వేసుకోవట్లేదని వాళ్ళను నిలదీయడం అన్యాయం.

అయితే ఈ మార్పులో ఒక ప్రమాదం నడిచి వచ్చింది. "అందరికీ ఎటూ మందు ఇస్తున్నాం, ఇక కౌంటు ఎందుకు?" అనే ఆలోచన. కాగితం మీద ప్రతి కొత్త పేషెంటుకూ మొదట్లో సీడీ4 తీయాలనే ఉంది. కానీ ఆ రక్తం ఏ రోజు తీస్తారు, మిషన్ ఉన్న చోటికి ఎప్పుడు చేరుతుంది, రిపోర్టు డాక్టరు బల్ల మీదకు ఎప్పుడొస్తుంది, అప్పటికి ఆ మనిషి ఎక్కడున్నాడు అన్నవి వేరే ప్రశ్నలు. రిపోర్టు నెల తర్వాత ఫైల్లో చేరితే పరీక్ష చేసినట్టు లెక్కకు వస్తుంది, మనిషికి మాత్రం ఉపయోగం లేదు.

మనిషిని చూసి కౌంటు చెప్పలేం. నేను ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. "బాగానే ఉండాను మేడమ్, పని చేసుకుంటా ఉండాను" అంటూ నవ్వుతూ వచ్చిన లారీ డ్రైవర్ కౌంటు 34 వచ్చింది. తోతాపురి సీజన్లో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలుతూ, రాత్రిళ్ళు నిద్ర లేక బరువు తగ్గాననుకున్నాడు. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ఆఫ్రికాలో నాలుగు దేశాల్లో, కౌంటు 100 కంటే తక్కువ ఉన్న 1,805 మంది మీద రియాలిటీ అనే అధ్యయనం జరిగింది, 2017లో ఫలితాలు వచ్చాయి. ఆ 1,805 మందిలో సగానికి దగ్గరగా, అసలు లక్షణాలే లేనివాళ్ళో స్వల్పంగా ఉన్నవాళ్ళో. మామూలు ఏఆర్‌టీతో పాటు మొదటి మూడు నెలలు ఇంకొన్ని నివారణ మందులు కలిపి ఇస్తే, ఆరు నెలల్లోపు మరణాలు 12.2 శాతం నుంచి 8.9 శాతానికి తగ్గాయి. ఫంగస్‌కు, టీబీకి, పురుగులకు, బ్యాక్టీరియాకు వాడే మామూలు మాత్రలే అవి. ఖరీదైనవి కావు. కానీ అవి ఎవరికివ్వాలో తెలియాలంటే కౌంటు చేతిలో ఉండాలి.

ఎవరికి ఏఆర్‌టీ మాత్ర వెంటనే ఇవ్వకూడదో తెలియడానికీ కౌంటే కావాలి. కౌంటు 100 కింద ఉన్నవాళ్ళలో కొందరి రక్తంలో క్రిప్టోకోకస్ అనే ఫంగస్ ఆనవాళ్ళు, మెదడు పొరల వాపు లక్షణాలు కనిపించడానికి వారాల ముందే దొరుకుతాయి. అది మెదడుకు చేరి ఉంటే ముందు ఫంగస్‌కు వైద్యం చేసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి ఏఆర్‌టీ మొదలుపెట్టాలి. తొందరపడితే ప్రాణం పోతుంది. టీబీ అయితే కౌంటుతో నిమిత్తం లేకుండా వస్తుంది. కానీ కౌంటు బాగా పడ్డవాళ్ళలో దగ్గూ తెమడా సరిగా ఉండవు, తెమడ పరీక్షకు దొరక్కుండా ఒళ్ళంతా పాకుతుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. టీబీ గురించి వందేళ్ళ జ్ఞాపకం ఉన్న సీమ మనది. అలాంటి చోట తెమడలో క్రిమి లేదు కాబట్టి టీబీ లేదని పంపేస్తే ఎలా? కౌంటు 60 అని తెలిస్తే డాక్టరు మూత్రంలో టీబీ పరీక్ష చేయిస్తారు, స్కానింగ్ రాస్తారు, వదలరు.

దాగిన టీబీతోనే ఏఆర్‌టీ మొదలైతే ఇంకోటి జరుగుతుంది. మాత్రలు పనిచేసి కొత్త కణాలు పుట్టగానే, అవి దాగిన క్రిమి మీద విరుచుకుపడతాయి. జ్వరం, గడ్డలు, ఆయాసం. డాక్టర్లు దీన్ని ఐరిస్ అంటారు. ఇంట్లోవాళ్ళు "మందు పడలేదు" అంటారు. మాత్ర వేసుకోకముందు బాగున్న మనిషి వేసుకున్నాక మంచం పట్టాడు కాబట్టి మాత్ర ఆపేస్తారు. అలా ఆపేసి ఇంటికి పోయినవాళ్ళలో ఎందరో తిరిగి రాలేదు. కౌంటు తక్కువని మొదటి రోజే తెలిసి ఉంటే, "రెండు మూడు వారాల్లో జ్వరం రావొచ్చు, వస్తే మాత్ర ఆపకుండా మా దగ్గరికి రండి" అని చెప్పే అవకాశం ఉండేది.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్ళు డార్ట్ అధ్యయనాన్ని చూపిస్తారు. ఉగాండా, జింబాబ్వేల్లో 3,300కు పైగా మందితో జరిగింది. క్రమంగా సీడీ4, ఇతర ల్యాబ్ పరీక్షలు చూస్తూ వైద్యం చేసినవాళ్ళలో ఐదేళ్ళకు 90 శాతం మంది బతికున్నారు. ఆ రిపోర్టులు చూడకుండా మనిషిని చూసి వైద్యం చేసినవాళ్ళలో 87 శాతం. తేడా చిన్నదే, ఆ డబ్బు మందులకు పెడితే ఇంకా ఎక్కువమంది బతుకుతారు కదా అన్నది వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ అధ్యయనంలో చేర్చుకోవడానికి ముందే అందరికీ సీడీ4 తీశారు, 200 కంటే తక్కువ ఉన్నవాళ్ళనే తీసుకున్నారు. మళ్ళీ మళ్ళీ తీసే కౌంటుకు పెద్ద విలువ లేదని డార్ట్ చెప్పింది. మొదటి కౌంటు అనవసరమని చెప్పలేదు. నేను అంటున్నదీ అదే. నిలకడగా ఉన్నవాళ్ళకు చేసే పరీక్షలు తగ్గించండి, ఆ కిట్లను, ఆ టెక్నీషియన్ సమయాన్ని కొత్తగా వచ్చినవాళ్ళకు, తిరిగి వచ్చినవాళ్ళకు ఇవ్వండి.

దూరం కూడా ఇప్పుడు సాకు కాదు. కౌంటు 200 పైనుందా కిందుందా చెప్పే స్ట్రిప్ టెస్ట్ వచ్చింది, విసిటెక్ట్ అని. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఆమోదం ఇచ్చింది. మిషన్ అక్కర్లేదు, వేలి చుక్క రక్తం చాలు, 40 నిమిషాల్లో తెలుస్తుంది. కచ్చితమైన అంకె రాదు, నిజమే. కానీ మొదటి రోజు డాక్టరుకు కావాల్సింది ఆ ఒక్క జవాబే. కుప్పం నుంచి, సత్యవేడు నుంచి వచ్చే మనిషిని "రక్తం ఇచ్చి పో, రిపోర్టుకు మళ్ళీ రా" అనకుండా, ఒక్క రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన ఆ రోజే తేల్చేయొచ్చు. మళ్ళీ రమ్మంటే కొందరు రారు. ఇంట్లో ఏం చెప్పి వస్తారు? వేరే జిల్లాల వాళ్ళు కొందరు తిరుపతిలోనే మందులు తీసుకోవడానికి కారణం కూడా అదే. తిరుపతికి పోయొస్తానంటే ఎందుకని ఎవరూ అడగరు. కానీ నెలలో రెండోసారి పోతానంటే అడుగుతారు.

మందులు మానేసి తిరిగి వచ్చేవాళ్ళ సంగతి ఇంకా కష్టం. కొత్తవాళ్ళకు ఒక పద్ధతి ఉంది, ఫైలు తెరుస్తారు, పరీక్షలు రాస్తారు. వీళ్ళకు పాత ఫైలు ఉంటుంది, అందులో మూడేళ్ళ కిందటి 450 కౌంటు ఉంటుంది. దాన్నే చూసి మాత్రలు చేతిలో పెట్టేస్తే ఈ మూడేళ్ళలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. పైగా లోపలికి అడుగుపెట్టగానే వినపడేది తిట్లు. "ఎందుకు మానేశావు? చెప్తే వినరు కదా మీరు." ఆ మనిషి బెంగళూరులో కట్టడం పనికి పోయి ఉండొచ్చు, అత్తగారింట్లో మాత్రల డబ్బా ఎక్కడ దాచాలో తెలియక పారేసి ఉండొచ్చు, మాత్ర వేసుకుంటే కళ్ళు తిరిగి పనికి పోలేక ఆపేసి ఉండొచ్చు. ఆ వివరాలు కౌన్సిలర్‌కు అవసరమే, తర్వాత నిదానంగా కూర్చుని అడగొచ్చు. ముందు కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, ఊదా మూత ట్యూబులోకి రక్తం తీయండి. తలనొప్పి ఉందా, రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా, చూపు మసకబారిందా అని అడగండి. కౌంటు 200 కింద ఉంటే ఆ రోజే డాక్టరు చూడాలి, ఫంగస్ పరీక్ష, టీబీ పరీక్ష ఆ రోజే జరగాలి, వారం తిరక్కముందే ఎవరో ఒకరు ఫోన్ చేసి జ్వరం వచ్చిందా అని కనుక్కోవాలి.